ఖాళీలోకి దిగినది

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రోజూ ఫోన్లో "ఈ పొద్దేమన్నా పడినాయా పాపా?" అని అడిగేవాడివి, నా ల్యాబు కూడా పులికాట్ సరస్సులో వేసిన వల అయినట్టు.

ఇవాళ పడినాయన్నా. ఎక్స్‌రే తగిలితే పరమాణువు లోపలి నుంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. పైనున్నది ఆ ఖాళీలోకి దిగుతుంది. అది దిగిన ఊపుకి ఇంకొకటి బయటపడుతుంది. బయటికొచ్చిన రెండూ జంటగా అందితేనే మాకు లెక్క. ఒంటరిది పనికిరాదు.

నాన్న సరస్సులో పోయినప్పుడు నువ్వు బడి మానేసి ఆయన పడవెక్కావు. ఆ పడవే నన్ను చదువుకి చెన్నై పంపింది.

జంట దొరికిందని ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను గ్రాఫు వంక చూస్తూ కూర్చున్నాను. ఖాళీలోకి దిగినదాన్ని మా యంత్రం ఎప్పటికీ పట్టుకోదన్నా.