నక్షత్రానికి లాగిన తీగ

నరసాపురం, 3-12-68

తమ్ముడు జీవరాజుకు, అక్క క్షేమమే, కంగారుపడకు.

అద్దెలకిద్దామని నేను బేరమాడిన పాత ఇల్లు ఇంకా కొనలేదు. అందులో వెనక గదిలో అద్దెకుంటున్న పాపాయమ్మ, మేకుకు తగిలించిన లేసు సంచి తీయబోతే షాకు కొట్టి పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ చెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది. వైర్‌మన్‌ని పిలిపించి చూపించాను. ఎప్పుడో క్రిస్మస్ నక్షత్రానికని చూరు మీదుగా లాగిన తీగనే గోడలోకి దింపి వెనక గదులకి ఇచ్చేశారట, మేకు దానికే తగిలిందట. కరెంటు ఆఫీసు అనుమతి లేదు, కాయితం ముక్క లేదు. అమ్మేది ఎవరనుకున్నావు, మన సంఘ పెద్ద ఆశీర్వాదం గారే! బేరం కుదిరిన రోజు ఆ గదిలోనే పావుగంట ప్రార్థన చేయించారు. నేను తల వంచి కళ్లు మూసుకున్నాను గానీ, గోడకేసి చూస్తేనా!

వెళ్లి నిలదీస్తే, "దేవుడి నక్షత్రం తీగమ్మా అది, పదేళ్లుగా ఎవరికీ ఏం కాలేదు" అన్నారు.

"అయితే ఆ మేకు మీరోసారి పట్టుకోండి" అన్నాను. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు!

ఆ తీగ పీకించి, కొత్తది వేయించి, కరెంటు ఆఫీసు వాళ్లు చూసి కాయితం ఇచ్చేదాకా నేను రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం తొక్కను.

అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? తైలం అయిపోతే రాయి. పాపాయమ్మకి పాత దుప్పటి ఒకటి పంపు.

ఆశీర్వాదం గారిని అన్ని మాటలూ అని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. పోయిన క్రిస్మస్‌కి మన నక్షత్రానికి నువ్వు లాగిన తీగకే కదూ, అమ్మ మంచం పక్కన బల్బు వేలాడదీశావు? కార్డు అందగానే పీకెయ్. ఈ ఏడు నక్షత్రంలో లాంతరు పెట్టుకోండి.

ప్రభువు మీ అందరినీ కాయాలి.

అక్క, సంపూర్ణమ్మ