మా ఇద్దరి జబ్బులు

వదిన గారికి నమస్కారాలు.

మీ జబ్బు సంగతి ఎత్తొద్దని, ఎత్తితే మీరు చిన్నబుచ్చుకుంటారని మీ తమ్ముడు చెప్పారు. అందుకే అడగడం లేదు. మొదటి ఆపరేషన్‌కి నా గాజులు సరిపోయాయి. రెండోదానికి నాన్న నా పేర రాసిన ఇల్లు తాకట్టు పెడుతున్నాం. వచ్చే శుక్రవారం సంతకం. మీకన్నా ఇల్లు ఎక్కువ కాదు.

మీ మరదలు

తా.క. మీకు చూపు ఆనడం లేదట. ఇది చదివి వినిపిస్తున్నవారు దయచేసి జబ్బు మాట వదిలేసి చదవండి.

మరదలికి ఆశీస్సులు.

నేనే చదువుకున్నాను, కళ్లజోడు లేకుండా. నిన్న ఒక్కరోజే పదకొండు చొక్కాలు కుట్టాను. జబ్బు నీకు కదమ్మా! అది తలకెక్కిందని, ఎదుటివాళ్లకు అంటగడుతున్నావని తమ్ముడు ముందే చెప్పాడు. నేనే నమ్మలేదు. నీ మందులకే నా రెండో మిషను అమ్మేశాను. విశ్రాంతి తీసుకో, తల్లీ.

నీ వదిన

తా.క. జుట్టంతా రాలిపోయిందటగా. టోపీ కుట్టి పంపుతున్నాను.

సోమవారం

వదిన గారికి,

టోపీ అందింది. జడ పట్టడం లేదు. లైబ్రరీకి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రక్తం కాస్త తక్కువ, అంతే. ఇంటికొచ్చి మీ తమ్ముణ్ని అడగడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. చివరికి అడిగితే, "అక్కకి మతి చలించింది, జబ్బు నీకనుకుంటోంది" అని ఏడ్చారు. నేనే కళ్లు తుడిచాను. శుక్రవారం దగ్గరికొచ్చేసింది. మనలో ఎవరికి జబ్బు, వదినా?

మీ మరదలు

తా.క. డాక్టరు చీటీ జతచేశాను. మీ చీటీ కూడా పంపగలరు.

మరదలా,

ఇద్దరికీ లేదు. బుధవారం పొద్దున తమ్ముడు వచ్చాడు. నువ్వు ఆదివారం పోయావట. ఏడుస్తూ అంత్యక్రియల ఖర్చు వాడి చేతిలో పెట్టాను. మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది, పైన సోమవారం అని ఉంది. వాడు మరిచిపోయిన కోటు వెతికాను. గుర్రప్పందేల చీట్లు, ముప్పై ఒకటి. మన జబ్బులన్నీ గుర్రాల మీద పెట్టాడే, వెధవ! సంతకం పెట్టకు.

నీ వదిన

తా.క. నీ గురించి చాలా మంచిగా మాట్లాడాడు.

వదినా,

పెట్టలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆయన కలం మూత తీసి చేతికిచ్చారు. నలుగురిలో నాకు గొంతు పెగలదు. మీ ఉత్తరం గుమాస్తా ముందు పెట్టాను. గుమాస్తా చదివి, నన్ను చూసి, మళ్లీ చదివి, "పోయినవాళ్లు సంతకం పెట్టడానికి రూల్సు ఒప్పుకోవమ్మా" అన్నాడు. ఇల్లు మిగిలింది. మీ తమ్ముడు బయట మెట్ల మీద కూర్చున్నారు. లోపలికి రమ్మనలేదు.

ఇంకా బతికే ఉన్న
మీ మరదలు

తా.క. అంత్యక్రియల డబ్బు ఏమైందని కిటికీలోంచి అడిగాను. మూడో పందెంలో గెలిచారట, నాలుగో పందెంలో పోయిందట. ఆ మధ్య పది నిమిషాలూ నాకేదైనా కొందామనుకున్నారట.