గుండెల మీద చేతులు

అప్పా,

ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మన టికియాపారా పేట క్లబ్బు గదిలో కర్టెన్లు మూసి మన రక్తపిశాచాల ఆట మళ్లీ మొదలుపెట్టాం. అక్కవి నువ్వు పోయాక ఇదే మొదటిసారి. వేషాలేసుకుని తలో పిశాచం అయిపోయే ఈ మనుషుల్ని ఇన్నాళ్లూ నువ్వే నడిపించావు. ఇప్పుడా కోఆర్డినేటర్ పని నా నెత్తిన పెట్టారు. జీతం లేదు, తిట్లు మాత్రం బోలెడు.

ముందుగా నువ్వు పెట్టిన రూలే చెప్పాను. గుండెల మీద రెండు చేతులూ అడ్డంగా పెట్టుకుంటే మాయమైనట్టు, వాళ్లవైపు ఎవరూ చూడకూడదు. శవపెట్టెలో నీ చేతులు అలాగే పెట్టారు కదా. చివరి చూపుకొచ్చిన మన ఆటవాళ్లంతా మొహాలు తిప్పేసుకున్నారు. అమ్మ ఇప్పటికీ అడుగుతాది, "ఏటే, అంత దూరమొచ్చి నా కూతురు మొకం సూడ్నేదేటి ఆల్లు?" అని. ఏటని చెప్పను? అది అలవాటో, నీ మాట మీద గౌరవమో, చూడలేకపోవడమో నాకే తెలీదు.

ఆట మధ్యలో కొత్తమ్మాయి రియా చేతులు అడ్డం పెట్టుకుని నా ముందుకొచ్చింది. "దీదీ, నేను నీకు కనిపిస్తున్నానా?" అంది.

"కనిపిస్తావు. మాయమైనవాళ్లు కూడా కోఆర్డినేటర్‌కి కనిపించాలి, లేకపోతే ఆట సాగదు" అన్నాను. అదీ నీ రూలే.

అనేశాక గదంతా ఒకసారి చూశాను, గోడవారనున్న కుర్చీల దాకా.

ఇప్పుడు కోఆర్డినేటర్ నేనే కదప్పా. మరి నువ్వెందుకు కనిపించట్లేదు?