విన్‌స్లో తలుపు తీశాడు

బర్మింగ్‌హామ్,
మంగళవారం.

అమ్మకి, నోరెల్ దండాలు పెట్టి రాస్తున్నాను.

దేవుడి దయవల్ల నీ దగ్గు తగ్గిందనీ, తుఫానుకి లేచిపోయిన రేకులు మళ్ళీ వేయించావనీ తలుస్తాను. నేనూ పిల్లలూ కులాసాగానే ఉన్నాం. తమ్ముడు విన్‌స్లో సంగతి కింద రాస్తున్నాను, కూర్చుని చదువు.

నువ్వు పంపిన కోకో ఉండలు అందాయి. పిల్లలకి పొద్దున్నే అదే కాచాలి. విన్‌స్లో ఫోన్‌కి ఎందుకు రావట్లేదని అడిగావు. డ్యూటీలు ఎక్కువని చెప్పాను గానీ, వాడు బస్సు తోలడం ఎప్పుడో మానేశాడమ్మా. మా పైగదిలో ఉంటున్నాడు. కిటికీలకి అట్టలు అంటించాడు. గోడలోంచి ఎవరో పేరు పెట్టి తిడుతున్నారంటాడు. అరటికాయ గంజి కాస్తే, ముందు నేను తాగి చూపిస్తేగాని ముట్టేవాడు కాదు. తర్వాత అదీ మానేశాడు.

డాక్టర్ని పిలవలేకపోయావా అంటావు. జబ్బు కన్నా వైద్యమంటేనే నాకు హడలు. మా వీధిలో పినాక్ గారబ్బాయి కోర్ట్‌లండ్ ఇలాగే అరుస్తుంటే వాళ్ళమ్మ సాయానికి ఫోన్ చేసింది. పోలీసులొచ్చి బోర్లా పడేసి మీద కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్లాడు చొంగ కారుస్తూ గోడకేసి చూస్తుంటాడు. మన నల్ల కుర్రాడు కాస్త పొడుగ్గా ఉండి గొంతు పెంచితే, ఇక్కడి తెల్లవాళ్ళ కంటికి రోగిలా కనపడడు, రౌడీలా కనపడతాడు.

పది రోజుల కిందట పక్కింటాయన, "మీవాడు ఇంకోసారి గోడ బాదితే పోలీసుల్ని పిలుస్తా" అన్నాడు. పోలీసులొచ్చేలోపే ఎవరినైనా పిలవాలనుకున్నాను. మా చర్చిలో ఎర్లీన్ అని ఒకావిడ ఉంది. ఒకప్పుడు తనే ఇలాంటి జబ్బుతో ఇక్కడి ఆసుపత్రి మానసిక వార్డులో ఉండొచ్చిన మనిషి. ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళకెళ్ళి మాట్లాడే ఆసుపత్రి బృందంలో చేస్తోంది. ఆవిడ వచ్చి వాడి గది బయట మెట్టు మీద కూర్చుంది.

"పోలీసులున్నారా?" అన్నాడు లోపల్నుంచి.

"లేరు నాయనా. నా టోపీ ఉంది. అదీ భయమైతే తీసేస్తా."

"నిన్నెవరు పంపారు?"

చెప్పొద్దని చెయ్యి ఊపాను. ఆవిడ నన్ను చూస్తూనే, "మీ అక్క పిలిచింది. నీతో అబద్ధంతో మొదలుపెట్టను" అంది.

 వాడు తలుపు తీశాడు. బుగ్గలు పీక్కుపోయాయి.

"నన్ను పట్టించేశావా అక్కా?"

"నువ్వు చచ్చిపోతావేమోనని భయమేసిందిరా."

వాడు నా చొక్కా చెయ్యి పట్టుకుని ఎర్లీన్ కారెక్కాడు. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఏదో అడిగితే గట్టిగా అరిచాడు. ఆయన కాపలావాళ్ళని పిలిచే గోడ మీది అలారం మీటకేసి చెయ్యి చాపాడు. ఎర్లీన్ కదలకుండా, "కొట్టడానికి కాదు డాక్టర్‌గారూ, భయపడి అరుస్తున్నాడు. మీరు కూర్చోండి" అంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. కోర్ట్‌లండ్ నా కళ్ళముందు మెదిలాడు. ఆయన చెయ్యి దించి కూర్చున్నాడు. "దేనికి భయం, విన్‌స్లో?" అని మెల్లగా అడిగాడు. వాడు చెప్పడం మొదలుపెట్టాడమ్మా. నాకెప్పుడూ చెప్పనివి.

ఇంతవరకూ దాచిన మాట ఇదే. తమ్ముడు ఆ వార్డులోనే ఉన్నాడు. ఎవరూ ఈడ్చుకెళ్ళలేదు, ఒప్పుకునే ఉన్నాడు. మందు వేస్తున్నారు, కాస్త తింటున్నాడు. కానీ నేను వచ్చేసేటప్పుడు వెనక తాళం పడుతుంది. ఆ చప్పుడుకి రోజూ వెనక్కి తిరిగి చూస్తాను. రేపు వెళ్ళేసరికి వాడు మాట పడిపోయి కనిపిస్తాడేమోనని భయం.

వాడికి దయ్యం పట్టిందని పాస్టర్‌గారితో చెప్పించకు. ఆదివారం వార్డు నుంచే నీకు ఫోన్ కలిపి వాడికిస్తాను, నువ్వే మాట్లాడు. అక్క పట్టించిందా అని అడుగుతాడు. నేను చేసింది మంచిదో కాదో నాకే తెలియదు, నన్ను వెనకేసుకు రావద్దు. అక్క రోజూ నీ దగ్గరికి వస్తోందా లేదా, అది మాత్రం వాణ్ణే అడుగు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే పెద్దకూతురు,
నోరెల్