దగ్గు తగ్గాక రండి

ఏమండీ,

అక్కడ మీరూ చిన్నదీ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ కులాసా అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మందు వేడికి నోరంతా పుళ్ళు, ఫోనులో మాట్లాడలేను. అందుకే ఈ కాగితం. అక్క పోస్టులో వేస్తానంది.

చిన్నదాని జడ మేకు దిగగొట్టినంత గట్టిగా వేస్తున్నారట. అది బల్ల కాదండీ, పిల్ల. కాస్త వదులుగా వేయండి.

"జబ్బు ఒంట్లోంచి తీసిన కణాలే మళ్ళీ ఎక్కిస్తే లాభమేమిటి?" అని కిందటి ఉత్తరంలో అడిగారు. నేనూ డాక్టరుగారిని అదే అడిగాను. ముందు మందులకు జబ్బు అణిగాక, నా రక్తంలోంచి మూలకణాలు తీసి మంచులా గడ్డకట్టించి దాచారు. తరువాత పెద్ద మోతాదు మందిచ్చి, మిగిలిన జబ్బును ఊడ్చేశారు. ఆ దెబ్బకు ఎముకల్లో మూలుగ కూడా పోతుందట. అందుకని దాచినవాటిని తిరిగి నాకే ఎక్కించారు. ఆ రోజు గదంతా ఒకటే వెల్లుల్లి వాసన. కణాలు పాడవకుండా కలిపిన మందుదట. అక్క ముక్కు మూసుకుని, "ఏం తిన్నావే నువ్వు?" అంది.

ఇక అవి ఎముకల్లో కుదురుకుని కొత్త రక్తం తయారుచేయాలి. రోజూ పొద్దున్నే పరీక్ష చేస్తున్నారు. అవి ఇంకా పని మొదలుపెట్టలేదు. అందాకా మామూలు జలుబు కూడా నన్ను తీసుకుపోగలదు. నాకు చాలా భయంగా ఉంది.

మిమ్మల్ని మళ్ళీ గదిలోకి రానివ్వని నర్సును ఉత్తరం నిండా తిట్టిపోశారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆ మధ్యాహ్నం మీరు మాస్కు లోపల రెండుసార్లు దగ్గి, రంపప్పొట్టు గొంతులో పడిందన్నారు. నెల రోజులుగా రంపం ముట్టని వడ్రంగికి పొట్టు ఎక్కడిదండీ? మీరు మంచినీళ్ళకని బయటికి వెళ్ళగానే బెల్లు నొక్కాను. "ఆయన్ని లోపలికి రానివ్వకండి," అని నేనే చెప్పాను. మీరు గుమ్మంలో నిలబడి బతిమాలుతుంటే నిద్ర నటించాను. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి మీరు దగ్గరికొస్తే భయమేసింది. అది మీతో చెప్పలేక నర్సు మీదకు నెట్టాను.

ఇప్పుడు కూడా చెప్పేదాన్ని కాదు. కానీ నిన్న నాకు జ్వరమొచ్చిందని అక్క చెప్పగానే, "నావల్లేనా వదినా?" అని అడిగారట. అప్పటి నుంచి అన్నం ముట్టలేదట. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. మీ జలుబు నాకు అంటలేదు. ఈ జ్వరం నా పేగుల్లోని క్రిముల వల్లేనట, కణాలు ఎక్కించాక ఈ దశలో చాలామందికి వస్తుందట. మందు ఎక్కిస్తున్నారు. తగ్గుతుందో లేదో ఇంకా ఎవరూ చెప్పడం లేదు.

రేపు నాకేమైనా సరే, మీ వల్ల అని మాత్రం అనుకోకండి. మీ దగ్గు నా దాకా రాకముందే మిమ్మల్ని వెళ్ళగొట్టాను. అన్నం తినండి. కోపమొస్తే దాచుకోండి. దగ్గు తగ్గాక వచ్చి, అద్దం అవతల నిలబడి అయినా సరే, తనివితీరా కోప్పడండి. ఈసారి నిద్ర నటించను.

ఇట్లు,
మీరు వస్తారని తలుపు వైపే చూస్తున్న
మీ ఇంటావిడ