ఎడమచేతి కొడవలి

శుక్రవారం, రాత్రి

ఈరోజు కూడా జొన్నకోతలో అందరికంటే వెనకబడ్డాను. నా కొడవలి దంటును కోయకుండా పక్కకు జారిపోతూనే ఉంది. అత్త ఎప్పటిలాగే అంది: "నీది ఎడమచెయ్యాయె బిడ్డా. జర నిమ్మళంగ కొయ్యి."

నీళ్లకు ఆగినప్పుడు మా ఆయన గట్టు మీద కూర్చుని అందరి కొడవళ్లూ ఆకురాయితో నూరుతున్నాడు. ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఒక్క వైపే రుద్దుతున్నాడు.

"రెండో దిక్కు ఎందుకు నూరవు?"

"గట్లనే నూరుతరు. మా నాయిన గూడ గట్లనే నూరిండు."

నా కొడవలిని ఎడమచేత్తో పట్టి చూశాను. అందరి చేతుల్లో పైకి ఉండే నూరిన వైపు, నా చేతిలో నేలవైపు ఉంది. ఆకురాయి అడిగి తీసుకుని రెండో వైపు రుద్దాను. అంచు వేలికి చురుక్కుమనేదాకా రుద్దాను. మళ్లీ సాల్లోకి దిగితే దంటు ఒక్క లాగుకే తెగింది. ఆ పక్కదీ తెగింది. నవ్వొచ్చింది, ఎందుకో ఏడుపూ వచ్చింది.

మా ఆయన నమ్మక, నా కొడవలి తీసుకుని కుడిచేత్తో కోసి చూశాడు. జారింది. మళ్లీ జారింది.

"నీకు ఇన్నేండ్లు గిట్లనే ఉండెనా?"

"గిట్లనే."

ఇంటికి వచ్చేటప్పుడు నా కొడవలి పిడికి గుడ్డపీలిక చుట్టి వేరుగా పెట్టాడు.

ఇంట్లో కత్తెర కూడా నా చేతిలో బట్టను కత్తిరించదు, నమిలేస్తుంది. మరి అది కూడా నా చేతకానితనం కాదేమో...