సర్వే నంబర్ 143

మార్చి 17, సాయంత్రం 6.40
ఈ రోజు ఝరాసంగం దగ్గర ఎర్రమొరం బీళ్లలో పంటల సర్వే. పంట లేకపోయినా పొలంలో నిలబడి ఫోటో తీస్తేనే యాప్ ఒప్పుకుంటుంది. వ్యవసాయ శాఖలో నా ఉద్యోగం ఇదే, ఏమీ లేని నేలను కూడా ఫోటో తీయడం. 143 కూడా అలాగే తీసి అప్‌లోడ్ చేశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే రాళ్లకుప్ప కింద కొండచిలువ. నా నీడ దాని మీదే పడింది. నేను దాన్ని చూడలేదు. అది నన్ను చూసే ఉంటుంది.

మార్చి 18, మధ్యాహ్నం
మళ్లీ వెళ్లాను. పిచ్చి కాకపోతే ఏమిటి? పొలం శరణమ్మది, అక్కడే మేకలు కాస్తోంది. ఆమెకు ముందే తెలుసు. మూడేండ్ల సంది ఉంటున్నది బిడ్డా, ఇప్పుడు గుడ్ల మీదున్నది, జర దూరముండు అంది. ఒక మేకపిల్ల పోయింది, పోనీ, దీని భయానికి అడవిపందులు పక్క చెల్కల నా జొన్నకు వస్తలేవు, ఊర్ల ఎవ్వరికీ చెప్పకు అంది. సరేనన్నాను.
దూరం నుంచి కొండచిలువను ఒక్క ఫోటో తీశాను. తల ఎత్తింది. పరుగెత్తుతుంటే చెప్పు తెగింది. ఆగలేదు.

సాయంత్రం 5.15
ఆ ఫోటో తమ్ముడు సచిన్ ఒక్కడికే పంపాను.

మార్చి 19
వాడు స్టేటస్ పెట్టాడు. నాది సర్వే కెమెరా. ప్రతి ఫోటో కింద తేదీ, ఊరు, లొకేషన్ అంకెలు పడతాయి. రోజూ ఆ అంకెలు సరిగ్గా పడ్డాయా అని చూసుకునేదాన్ని, ఈ ఒక్కదానికి మరిచిపోయాను. ఫోన్ చేసి తిట్టాను. తీసేసిన అక్కా, ఫికర్ చెయ్యకు అన్నాడు. అప్పటికే రెండు గ్రూపుల నుంచి ఆ ఫోటో నాకే తిరిగొచ్చింది.

మార్చి 20, ఉదయం 10
శరణమ్మ ఫోన్. ఆరు బైకుల మీద వచ్చిన్రు, గడ్డపారలు తెచ్చిన్రు, ఎవ్వరినీ తొవ్వ అడగలే, ఫోన్లు చూసుకుంట సీదా కుప్పకాడికే పోయిన్రు అంది. ఎవరు చెప్పారని ఆమె నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. స్కూటీ తాళం చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ మేకుకు తగిలించాను.

సాయంత్రం 4
వెళ్లాను. కుప్ప లేదు. పగిలిన గుడ్లకు చీమలు పట్టాయి. అది మాత్రం దొరకలేదట. ఎక్కడుందో ఎవరికీ తెలియదు. శరణమ్మ మేకలు తోలుకుని, నన్ను చూడకుండా వెళ్లిపోయింది.

మార్చి 24
నీడ పడిందని 143 ఫోటోను ఆఫీసు వెనక్కి పంపింది. వెళ్లి మళ్లీ తీశాను. పంట లేదు అని నొక్కాను.
పెద్దది చేసి చూడలేదు.